మన ఊరి రంగులు సాఫ్ట్‌వేర్‌తో రావు, మనమే పెట్టుకోవాలి

హనుమకొండ, కాజీపేట వైపు ఈ మధ్య కట్టిన ఇళ్ల ఎలివేషన్లు కాస్త పట్టి చూడండి. ముదురు బూడిద గోడ, దాని మీద కట్టె రంగు పట్టీలు, పైన బయటికి పొడుచుకొచ్చిన తెల్లటి బాక్సు. పక్క వీధిలో మళ్లీ అదే బూడిద, అదే కట్టె. బాక్సు మాత్రం ఎడమ నుంచి కుడికి జరిగి ఉంటుంది. ఓనర్లు వేరు, మేస్త్రీలు వేరు, గీసినవాళ్లూ వేరు. రంగులు మాత్రం చాలా ఇళ్లకు ఒక్క చోటి నుంచే వచ్చాయని నా అనుమానం: ఇళ్ల బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరవగానే పక్కన కనిపించే ఆ చిన్న చిన్న గళ్లలోంచి.

నేను ఇక్కడ ఒక చిన్న డిజైన్ ఆఫీసు నడుపుతాను. ఇళ్లు, షాపులు, ఎప్పుడైనా ఒక ఫంక్షన్ హాలు. మా ఫీల్డులో రంగు అంటే చివరి రోజు పని. ప్లాను ఓకే అయ్యాక, స్లాబు పడ్డాక, పెయింటరు వచ్చి నిలబడ్డాక చూసుకుందాంలే అంటారు. నేను దీనికి పూర్తిగా ఎదురు మాట్లాడతాను. కొత్త కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రోజే, మొదటి గీత పడకముందే, దానితో వచ్చిన రంగుల పాలెట్‌ని, అంటే ఆ గళ్ల వరసని, పక్కన పెట్టి మన పాలెట్ పెట్టుకోవాలి. అందులో ఉండాల్సింది నాకు నచ్చిన రంగులని అనడం లేదు. ఇక్కడ దొరికే రాయి, ఇక్కడి షాపు మిషన్‌లో కలిసే పెయింటు, ఇక్కడి ఎండావానలకు నిలిచే ఛాయలు ఉండాలంటున్నాను.

డిఫాల్ట్ రంగులను, అంటే ప్రోగ్రాంతోనే వచ్చేవాటిని, ఎవరో పెద్దలు బాగా ఆలోచించి ఎంచి ఉంటారని మనకు ఒక నమ్మకం. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ ప్రోగ్రాంనే తీసుకోండి. అది 1982లో వచ్చింది. దాని రంగులకు నంబర్లు: 1 ఎరుపు, 2 పసుపు, 3 ఆకుపచ్చ, 4 సయాన్, 5 నీలం, 6 మెజెంటా, 7 తెలుపు. అట్లా 255 దాకా పోతుంది. ఈ మొదటి ఏడింటిలో అందం వెతకడం దండగ. అప్పటి స్క్రీన్లు తేటగా చూపగలిగినవి దాదాపు అవే. పైగా ఆ రోజుల్లో ప్లాన్లను కాగితం మీద గీసే ప్లాటర్ మిషన్లకు నిజం పెన్నులు ఉండేవి. ఫలానా రంగు గీతను ఫలానా పెన్నుతో గీయి అని మిషన్‌కు చెప్పేవారు. అంటే స్క్రీన్ మీద ఎరుపు కాగితం మీద ఎరుపు కానక్కర్లేదు, సన్న గీత కావచ్చు. ఆకుపచ్చ మందపు గీత కావచ్చు. పెన్నులు పోయాయి, ఆ అలవాటు మాత్రం సీటీబీ ఫైళ్ల (ఏ రంగు గీత ఎలా ప్రింట్ కావాలో చెప్పే పట్టికల) రూపంలో ఇవాళ్టికీ మన ఆఫీసుల్లో కూర్చుని ఉంది. నల్లటి తెర మీద పసుపు, సయాన్ మెరిసిపోతాయి. తెల్ల కాగితం మీద రంగులోనే ప్రింట్ తీస్తే ఆ పసుపు గీతను వేలితో తడిమి వెతుక్కోవాలి.

స్కెచప్ కథ ఇంకోలా ఉంటుంది. 2000లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, బౌల్డర్ అనే ఊళ్లో ఒక చిన్న కంపెనీ దాన్ని తయారుచేసింది. 2006లో గూగుల్ కొన్నది, 2012లో ట్రింబుల్ చేతికి వెళ్లింది. మా దగ్గర ఇళ్ల త్రీడీ చాలావరకు ఇందులోనే నడుస్తుంది. పేర్లున్న రంగుల కలెక్షన్ తెరిస్తే వెబ్ పేజీలు చేసేవాళ్లు వాడే పేర్లు వరసగా వస్తాయి. టొమాటో అట, ఆర్కిడ్ అట, లావెండర్ అట. ఇవి వెలుగు రంగులు, గాజు తెర మీద బాగుంటాయి. వీటికి పెయింటు షాపు కోడ్‌లు ఉండవు. గోడ బొమ్మ మీద అతికించే ఇటుక ముక్కలు, అంటే టెక్స్చర్లు, చూడండి. అమెరికా పద్ధతిలో మూడు ఇటుక వరసలు సిమెంటుతో కలిపి 8 అంగుళాలు, అంటే ఒక్కో వరస 68 మిల్లీమీటర్ల చుట్టూ. మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ చెప్పే మాడ్యులర్ ఇటుక సిమెంటుతో కలిపి 200, 100, 100 మిల్లీమీటర్లు. వరస ఎత్తే వేరు. అక్కడి ఇటుకను తెచ్చి మన కాంపౌండు గోడకు అతికిస్తే గోడ ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. ఓనరుకు కారణం తెలియదు. కట్టాక మాత్రం "గోడ పొట్టిగ అనిపిస్తలేదా సార్?" అని అడుగుతాడు.

రంగు సంగతి మాట్లాడుతూ ఎండ సంగతి వదిలేయకూడదు. స్కెచప్ టెంప్లేట్లలో (కొత్త ఫైలు మొదలయ్యే నమూనాల్లో) డిఫాల్ట్‌గా ఉండే చోటు కూడా ఆ బౌల్డరే. అది భూమధ్యరేఖకు ఉత్తరాన 40 డిగ్రీల దగ్గర ఉంది. వరంగల్ 18 డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబరు మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులో ఉంటే అక్కడ 26 డిగ్రీలే. అసలు తిరకాసు ఎండాకాలంలో. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మన దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. కాబట్టి ఉత్తరం గోడకూ ఎండ తగులుతుంది. జూన్‌లోనైతే దాదాపు రోజంతా. అక్కడ మిట్టమధ్యాహ్నం ఉత్తరం గోడ ఏ నెలలోనూ ఎండ చూడదు. చోటు మార్చకుండా షాడో ఆన్ చేసి, "ఉత్తరం ఫేసింగ్ కదా, నీడలో ఉంటుంది, ముదురు రంగు వేసుకోవచ్చు" అని క్లయింటుకు చెప్పేవాళ్లను నేను చూశాను. వాస్తు కోసమో, రోడ్డు అటు ఉండబట్టో ఉత్తరం ఫేసింగ్ ఇళ్లు మన దగ్గర ఎన్ని ఉంటాయో చెప్పక్కర్లేదు. అన్ని ముఖాల మీదా ఆ రంగు కొలరాడో నీడలో ఎంచిందే అవుతుంది. పాలెట్ మార్చేటప్పుడు టెంప్లేట్‌లో లొకేషన్ కూడా మార్చి సేవ్ చేయమని అందుకే అంటాను. రెండూ ఒకే పూట పని.

మరి మన రంగులు ఏవి?

రాయితో మొదలుపెడతాను. మనకు తక్కువేం లేదు. కరీంనగర్ చుట్టుపక్కల క్వారీల నుంచి వచ్చే టాన్ బ్రౌన్ గ్రానైట్ ప్రపంచమంతా తెలుసు. ముదురు గోధుమ ఎరుపు మచ్చలు, మధ్యమధ్య నలుపు, బూడిద. అక్కడిదే మేపుల్ రెడ్. బ్లాకులకు బ్లాకులు చైనాకు పోయాయి. ఆ రాయి మన క్వారీల నుంచి లారీల్లో మన రోడ్ల మీదుగానే పోతుంది, మన డ్రాయింగులోకి మాత్రం రాదు. మెట్లకు గ్రానైట్ అని క్లయింటు చెప్పగానే మనవాడు లైబ్రరీలోంచి ఏదో ఇటలీ పాలరాయి లాంటి ముక్క లాగి పరుస్తాడు. తర్వాత తాండూరు బండ: నీలం, పసుపు అని రెండు రకాలు అమ్ముతారు. నీలం అన్నది నిజానికి నీలి ఛాయ ఉన్న బూడిద, పసుపు అన్నది గోధుమ ఛాయ ఉన్న మట్టి పసుపు. పాలిష్ పడితే ఒక రంగు, పడకపోతే ఇంకో రంగు, నీళ్లు పడితే మూడో రంగు. ఇంక వంటింట్లో నల్ల కడప బండ. ఈ నాలుగైదు రాళ్లను సరిగ్గా ఎక్కించుకుంటే నేల, మెట్లు, ప్లాట్‌ఫారం, గడపల సంగతి తీరిపోతుంది. బయటి రాయి కావాలంటే అప్పుడు వెతుక్కోవచ్చు.

ఇక్కడ రామప్ప గుడిని తలవకుండా ఉండలేను. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అందరూ నీళ్ల మీద తేలే ఇటుకల గురించి చెప్తారు, శిల్పాల గురించి చెప్తారు. నేను మా ఆఫీసు పిల్లల్ని తీసుకుపోయేది రంగు చూపించడానికి. గోడలది గులాబీ ఛాయ ఉన్న ఎర్రటి ఇసుకరాయి. ఆ ఎరుపులోంచి నల్లటి డోలరైట్ రాతి మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, వంగి నిలబడతాయి. మొత్తం గుడికి దగ్గరదగ్గర రెండే రంగులు, ఒకటి వెనక్కి తగ్గి ఇంకోదాన్ని ముందుకు తోస్తుంది. మా ఆఫీసు పిల్లలు ఒక రెండంతస్తుల ఇంటికి ఏడు రంగులు వాడి తెచ్చినప్పుడు నేనేం అనను, రామప్ప ఫొటో ఒకటి పక్కన పెడతాను. వాళ్లకిప్పుడు అది చిరాకు తెప్పించే స్థాయికి వచ్చింది, అది వేరే విషయం.

ఊళ్లలోని పాత ఇళ్లు ఇంకా ఎక్కువ నేర్పుతాయి. పైన సున్నం, అందులో కాస్త నీలం కలిపి వేసిన తెలుపు. కింద మోకాలెత్తు దాకా జాజు, అంటే ఎర్రమట్టి పూత. పండుగకు గడపకు పసుపు, దాని మీద బొట్లు. జాజు పట్టీ వట్టి సోకని అనుకునేవాణ్ని కాదు నేను. మన చల్క నేల ఎర్రనిది. వానాకాలంలో చూరు నీళ్లు నేల మీద పడి ఎగిరి గోడకు కొట్టేది సరిగ్గా ఆ ఎత్తులోనే. తెల్ల గోడను నేల దాకా దించితే మొదటి వానకే ఎర్రటి చిందులు పడతాయి. జాజు ఉంటే మరక మరకలా కనిపించదు. ఇవాళ మనం అదే నేల మీద, అదే వానలో, గోడను నేల దాకా తెల్లగా దించి అమ్ముతున్నాం. రెండర్‌లో, అంటే కంప్యూటర్ చేసిచ్చే ఇంటి బొమ్మలో, చిందులు పడవు కదా. మా పాలెట్‌లో జాజు ఛాయ ఒకటి పెట్టాను. దాని పేరు పక్కన "నేల నుంచి 450 మిల్లీమీటర్ల దాకా" అని రాసి ఉంటుంది. అందరూ వాడాలని లేదు. కానీ ఆ గడి కనబడితే ఆ ఆలోచన వస్తుంది.

ఇటుకలోనూ మన దగ్గర రెండు లోకాలు. మట్టి ఇటుక ఎరుపు ఒకటి. రామగుండం ఎన్టీపీసీ, చెల్పూరు కాకతీయ థర్మల్ లాంటి బొగ్గు ప్లాంట్లు ఉన్న ఇలాకా కాబట్టి బూడిద ఇటుక ఇంకొకటి. ప్లాస్టరింగ్ చేయకుండా వదిలేద్దామనుకుంటే రెండింటి రంగూ పాలెట్‌లో ఉండాలి. "ఎక్స్‌పోజ్డ్ బ్రిక్" అని డ్రాయింగులో ఎర్రగా చూపించి సైటుకు బూడిద ఇటుక దించితే తర్వాత జరిగే గొడవ అందరికీ తెలిసిందే.

సరే, ఎక్కించడం ఎలా? ఇక్కడే చాలామంది ఫోన్‌తో ఫొటో తీసి, ఐడ్రాపర్‌తో రంగు పట్టుకుని, పని అయిపోయిందనుకుంటారు. ఫోన్ కెమెరా వెలుగును బట్టి తనంతట తానే తెలుపును సర్దుతుంది. ఎండలో తీస్తే ఒక రంగు, ట్యూబ్‌లైటు కింద తీస్తే ఇంకొకటి. రాయి ఫొటో అయితే మబ్బు పట్టిన పూట, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయండి. తర్వాత ఆ కాగితం తెల్లగా వచ్చేదాకా ఫొటోను సరిచేసి అప్పుడు రంగు తీసుకోండి. పెయింటు విషయంలో కంపెనీలు తమ షేడ్ కోడ్‌లకు ఆర్‌జీబీ అంకెలు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో 0 నుంచి 255 దాకా చెప్పేవి) ఇస్తాయి. అవి దారి చూపడానికే, తుది మాట అట్ట ముక్క మీద వేసిన పెయింటుది. రెండడుగుల ప్లైవుడ్ ముక్క మీద రెండు కోట్లు వేయించి పొద్దున ఒకసారి, మూడింటికి ఒకసారి బయట పెట్టి చూస్తే తెర మీద రంగును దానికి దగ్గరగా సర్దొచ్చు. షాపులో ట్యూబ్‌లైటు కింద ఒకేలా ఉన్న రెండు ఛాయలు బయట ఎండలో విడిపోవడం మామూలే. పిగ్మెంట్లు వేరైతే వెలుగు మారినప్పుడు అవి పలికే తీరు కూడా మారుతుంది. కాబట్టి షాపు కౌంటర్ మీద పెట్టి "అదే కదా" అని ఒప్పేసుకోవద్దు.

తెలుపు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ తప్పకుండా వాడే రంగు అదే. డిఫాల్ట్ తెలుపు 255, 255, 255. అంటే పడిన వెలుగునంతా తిరిగి పంపే గోడ. అలాంటి గోడ లోకంలో లేదు. కొత్తగా వేసిన మంచి తెల్ల పెయింటు 80 నుంచి 85 శాతం వెలుగును తిప్పి పంపుతుంది. దాన్ని తెర అంకెల్లోకి మారిస్తే 231 నుంచి 237 మధ్య పడుతుంది. 255 పెట్టి రెండర్ చేస్తే గోడ మీద నీడల వంపులు, గ్రూవ్‌లు, సజ్జ కింది మెత్తటి నీడ అన్నీ కడిగేసినట్టు పోతాయి. పైగా వెలుగు లెక్కకు మించి ఎగిరి గది ఉన్నదానికంటే వెలుతురుగా కనిపిస్తుంది. ఓనరు ఇంట్లోకి దిగాక హాలు చీకటిగా ఉందని ఫోన్ చేస్తాడు. నలుపుకూ ఇదే మాట. సున్నా పెడితే గోడకు కన్నం పడ్డట్టు ఉంటుంది. పాలిష్ పట్టిన నల్ల గ్రానైట్‌కు కూడా 30, 40 మధ్య అంకె చాలు. ఈ ఒక్క మార్పు చేసి మిగతా పాలెట్ ముట్టుకోకపోయినా మీ డ్రాయింగులు బాగుపడతాయి, పందెం.

మనిషి కన్నుతో ఇంకో చిక్కు ఉంది. గోరంత ముక్కలో లేతగా కనిపించిన రంగు ఇరవై అడుగుల గోడకెక్కితే గాఢంగా కనిపిస్తుంది. సుబేదారిలో ఒక రిటైర్డ్ టీచరు గారి ఇంటికి మేమే చూపించిన పసుపు వేశారు, కోడ్ కూడా అదే. గోడ చూసి ఆయన, "కంప్యూటర్ల లేతగ ఉండె గద సారూ, గోడకెక్కినంక పసుపు ముద్దయింది" అన్నారు. కోడ్ చూపించి గెలవొచ్చు, కానీ ఆయన చెప్పింది నిజమే. మా పాలెట్‌లో బయటి గోడల రంగులన్నిటికీ షేడ్ కార్డులో ఒక మెట్టు లేత ఉన్న కోడ్‌ని జోడీగా పెట్టాం. పెద్ద గోడకు లేతది, చిన్న పట్టీకి అసలుది.

పేర్లు పెట్టడంలోనే పాలెట్ బతుకుతుందో చస్తుందో తేలుతుంది. "బ్లూ గ్రే లైట్ 2" అని పెడితే ఆర్నెల్ల తర్వాత ఎవరికీ ఏమీ గుర్తుండదు. మేం పెట్టే పద్ధతి ఇది: ముందు ఎక్కడ వాడతామో, తర్వాత ఏ వస్తువో, చివర షాపు కోడ్. బయట గోడ, ఎమల్షన్, ఫలానా కోడ్. గ్రిల్లు, గేటులాంటి ఇనుప పనికి ఎనామెల్ కాబట్టి ఐఎస్ 5 నంబర్లు వాడతాం. పెయింట్ల రంగులకు బీఐఎస్ ఎప్పటి నుంచో నంబర్లు ఇచ్చింది: 444 అంటే టెర్రకోట, 538 అంటే పోస్టాఫీస్ రెడ్, 275 అంటే ఒపలైన్ గ్రీన్. ఏ కంపెనీ డబ్బా అయినా ఆ నంబరుతో మాట్లాడుకోవచ్చు. ప్రభుత్వ పనులు చేసేవాళ్లకు ఇవి కొత్త కాదు, ఇళ్లు గీసేవాళ్లం మాత్రం మరిచిపోయాం. పేర్లు తెలుగు లిపిలో పెట్టి చూశాం. ప్రోగ్రాం లోపల బాగానే ఉన్నాయి, వేరే ప్రోగ్రాంలోకి పంపినప్పుడు కొన్ని చోట్ల అక్షరాల బదులు ఉత్త డబ్బాలు వచ్చాయి. ప్రస్తుతానికి ఇంగ్లిష్ అక్షరాల్లోనే "జాజు", "తాండూరు" అని రాస్తున్నాం.

కోడ్ ఎందుకంత ముఖ్యమో పెయింటర్‌ని అడగండి. మాతో చాలాకాలంగా చేసే పెయింటరన్న ఒకాయన వేరే ఆఫీసు నుంచి వచ్చిన రంగుల షీటు తెచ్చి నా ముందు పరిచాడు.

"సార్, గీ రంగు ఏ డబ్బల దొరకది. ఫోన్ల జూసి కలపమంటే నేనెట్ల కలపాలె?"

"కోడ్ రాయలేదా అన్నా?"

"కోడుంటే ఇంకేంది సార్, షాపోడు మిషన్ల గొట్టి పది నిమిషాలల్ల ఇస్తడు. గిది ఉత్త బొమ్మనే."

ఆ షీటు గీసినవాడు చెడ్డ డిజైనరేం కాదు. వాడి ముందు ఉన్న గళ్లలో కోడ్ ఉన్న రంగు ఒక్కటీ లేదు, అంతే.

ఇంక ఎక్కడెక్కడ ఎక్కించాలనేది ప్రోగ్రాంని బట్టి మారుతుంది. స్కెచప్‌లో రంగులన్నీ ఒక ఖాళీ మోడల్లో పెట్టి, ఆ మోడల్లోని మెటీరియల్స్‌ని కలెక్షన్‌గా సేవ్ చేసి, ఆ ఫోల్డర్‌ని ఆఫీసు షేర్డ్ డ్రైవ్‌లో ఉంచండి. ప్రిఫరెన్సెస్‌లో ఫైల్స్ దగ్గర మెటీరియల్స్ దారి ఆ ఫోల్డర్‌కి మార్చండి. లేకపోతే కొత్త వెర్షన్ ఎక్కించిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తుంది. రెవిట్ అనే ఇంకో డిజైన్ ప్రోగ్రాంలో ఒక మెటీరియల్‌కి రెండు రంగులుంటాయి: షేడెడ్ వ్యూలో కనిపించేది ఒకటి, రెండర్‌లో వచ్చేది ఇంకొకటి. యూజ్ రెండర్ అపియరెన్స్ అనే టిక్ పెట్టకపోతే రెండూ ఎవరి దారిన అవి పోతాయి. మనవాళ్లు విండోస్ మార్కు రంగుల కిటికీలోని 16 కస్టమ్ గళ్లను నింపి పాలెట్ చేసుకున్నామనుకుంటారు. అవి ప్రాజెక్టు ఫైల్లో ఉండవు, ఆ కంప్యూటర్లోనే ఉండిపోతాయి. పక్క సీటు పిల్లవాడికి అవి అందవు. రంగుని మెటీరియల్‌గా మార్చి టెంప్లేట్‌లో పెడితేనే లెక్క.

ఇంత చెప్పాక, ఎక్కడ చేయి పెట్టకూడదో కూడా చెప్పాలి. పర్మిషన్ డ్రాయింగు మన సొంత రంగుల ప్రదర్శన కాదు. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ప్లాన్లకు రంగులు వేయడానికి ఒక పట్టికే ఉంది. ప్లాటు హద్దులు మందపు నలుపు, ఉన్న రోడ్డు ఆకుపచ్చ, కొత్తగా కట్టేది ఎరుపు, కూలగొట్టేది పసుపు హ్యాచింగ్ గీతలు, డ్రైనేజీ ఎర్ర చుక్కల గీత, నీటి పైపు నల్లటి సన్న చుక్కల గీత. ఈ ఎరుపు నాకు నచ్చదు, కాస్త జాజు ఛాయకు తిప్పుతానంటే కుదరదు. అది అవతలి టేబుల్ మనిషి చదివే భాష. ఆన్‌లైన్‌లో అప్లోడ్ చేసే ఫైళ్ల లేయర్లదీ (గోడలు, పైపులు విడివిడిగా గీసే పొరలదీ) అదే సంగతి, ఇచ్చిన టెంప్లేట్ ఇచ్చినట్టే ఉంచాలి. ఆటోక్యాడ్ లేయర్లకు ముచ్చటపడి నంబరు లేని ట్రూ కలర్లు ఇస్తే ఇంకో దెబ్బ: అన్నీ నలుపులో ప్రింట్ చేసే మోనోక్రోమ్ సీటీబీ పెట్టినా ఆ గీతలు రంగులోనే ప్రింటవుతాయి, ఎందుకంటే ఆ పట్టికకు తెలిసింది 255 నంబర్లే. లైన్ డ్రాయింగుకు నంబరు రంగులు, మెటీరియల్‌కు మన పాలెట్. ఈ రెండింటినీ కలపకండి.

ఒక్క చోట మాత్రం లేయర్ల రంగు గురించీ ఆలోచించాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని కళ్లు మగవాళ్లలో తక్కువేం కాదు. యూరప్ మూలాలవాళ్లలో ఇది 8 శాతం దాకా ఉంటుందంటారు. మన దగ్గర కొంత తక్కువైనా లేకుండా పోలేదు. వాటర్ లైను ఆకుపచ్చ, డ్రైనేజీ ఎరుపు అని ఆఫీసు వర్కింగ్ డ్రాయింగులో పెడితే సైటులో ఎవరికో ఒకరికి రెండూ ఒకటే గీత. చుక్కలు, గీతలు కూడా తేడాగా పెట్టండి. కోడ్ పట్టికలో అది ఎప్పటి నుంచో ఉంది.

రంగు మార్చితే వేడి కూడా మారుతుందా అని ఒక కాలేజీ పిల్లవాడు అడిగాడు. గోడ మీద మారుతుంది, సాఫ్ట్‌వేర్‌లో చాలాసార్లు మారదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో, ఎండను తిప్పి పంపే పైకప్పుల కోసం, కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 2028 దాకా వర్తించేలా. మే నెలలో రామగుండంలో ఉండి చూసినవాళ్లకు అదెందుకో వివరించక్కర్లేదు. మోడల్లో స్లాబు పైభాగాన్ని తెల్లగా పెయింట్ చేసి "ఇదిగో కూల్ రూఫ్" అంటే అది బొమ్మకే. వేడి లెక్క కట్టే ఎనర్జీప్లస్ లాంటి ప్రోగ్రాం ఆ తెలుపును చూడదు. సోలార్ అబ్జార్ప్టెన్స్ అని విడిగా ఒక అంకె అడుగుతుంది. మీరు ఇవ్వకపోతే డిఫాల్ట్ 0.7 తీసుకుంటుంది, అంటే పడిన ఎండలో 70 శాతం మింగే పైకప్పు. మంచి తెల్ల కోటింగు కొత్తలో మింగేది 20, 30 శాతమే. తెరమీద తెల్లగా మెరిసే స్లాబు లెక్కలో ముదురు స్లాబుగానే నడుస్తుంది. అందుకే మా పాలెట్‌లో పైకప్పు రంగుల పేర్ల చివర ఆ అంకె కూడా రాస్తాం. దుమ్ము పట్టాక అది పెరుగుతుంది కాబట్టి కొత్త కోటింగు అంకె కంటే కొంచెం ఎక్కువే రాస్తాం.

నా మాటకు ఎదురు వచ్చే వాదనల్లో బలమైనది ఒకటుంది. "నువ్వు పాలెట్ బిగించేస్తే మీ ఆఫీసు ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి కదా, మరి ఆ బూడిద బాక్సులవాళ్లను ఎందుకు తిడతావు?" దీన్ని కొట్టిపారేయలేను. రెండు డజన్ల రంగుల్లోనే తిరుగుతుంటే చేతికి అలవాటు పడుతుంది, అదీ నిజమే. అందుకని ప్రతి ప్రాజెక్టుకూ రెండు గళ్లు ఖాళీగా వదులుతాం. క్లయింటు ఇష్టమో, పాత ఇంటి దర్వాజ రంగో, వాళ్లమ్మ చీర రంగో, ఏదైనా అక్కడ పెట్టుకోవచ్చు. అది ఆ ప్రాజెక్టు ఫైల్లోనే ఉంటుంది, మెయిన్ పాలెట్‌లోకి రాదు. ఇళ్లు వేరువేరుగా కనిపించడానికి ఆ రెండు గళ్లు చాలు. ఫోన్లో ఎక్కడో దుబాయ్ విల్లా ఫొటో చూపించి "గిట్లనే కావాలె" అనేవాళ్లకూ మేం చేసేది ఇదే. ఆ ఫొటోలోని రంగులకు మా గళ్లలో దగ్గర ఉన్నవి పక్కన పెట్టి చూపిస్తాం. పదిమందిలో ఎక్కువమంది వీటితోనే సరిపెట్టుకుంటారు. మిగతావాళ్లకు ఖాళీ గళ్లు ఉన్నాయి.

టైమ్ లేదు అనే వాదన మాత్రం నాకు ఎక్కదు. పాలెట్ ఒకసారి కూర్చుని చేసుకునే పని. పెయింటింగ్ దశలో రంగు మార్చమని వచ్చే ఫోన్లకు, మళ్లీ రెండర్‌లకు, మళ్లీ శాంపిల్ డబ్బాలకు పోయే టైమ్‌ని ఎవరూ లెక్క కట్టరు.

మా ఆఫీసులో ఇప్పటికీ తేలనిది బూడిద రంగు ఒక్కటే. దాన్ని నేను ఎంత తిట్టినా జనం అడుగుతూనే ఉన్నారు. బూడిదను పూర్తిగా తీసేయాలని మొదట అనుకున్నాను, మావాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. మన ఎర్ర దుమ్ము తెలుపు మీద కనిపించినంతగా లేత బూడిద మీద కనిపించదు, పారాపెట్ మీద వానకు పట్టే నల్లటి చారలు కూడా కొంత దాగుతాయి. ముదురు బూడిదలో మాత్రం ఆ దుమ్ము ఎగిరెగిరి కనిపిస్తుంది, ఎండకు గోడ కూడా కాలుతుంది. చివరికి మూడు ఉంచాం: తాండూరు నీలం బండకు జోడీ అయ్యే లేతది ఒకటి, సిమెంటు రంగుది ఒకటి, కిటికీ ఫ్రేములకు మాత్రమే వాడే ముదురుది ఒకటి. నాలుగోది కావాలని మా జూనియర్ ఒకమ్మాయి నెల రోజులుగా శాంపిల్ ప్లైవుడ్ ముక్కలు ఎండలో పెట్టి చూపిస్తూనే ఉంది. తన దగ్గర షాపు కోడ్ కూడా ఉంది. వానాకాలం అయ్యాక ఆ ముక్కల మీద చారలు ఎలా ఉన్నాయో చూసి చెప్తానన్నాను.